ఫారం-4

2023 డిసెంబర్ 21, గురువారం

లోక్‌సభ ఒకరోజు ముందే నిరవధికంగా వాయిదా పడింది. పోతూ పోతూ పత్రికల రిజిస్ట్రేషన్ బిల్లును పాస్ చేసి పోయింది. టీవీలో చూశాను. ప్రతిపక్షం వైపు బెంచీలు పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిలా ఉన్నాయి. ఇవాళ్టి ముగ్గురితో లోక్‌సభలో సస్పెండైన వాళ్ళు సరిగ్గా 100 మంది. ఉన్నవాళ్ళు చేతులెత్తారు, అయిపోయింది.

రాజ్యసభలో ఇంకా చకచకా సాగింది. ఆగస్టు 1న ప్రవేశపెట్టారు, 3న ఆమోదించారు. స్థాయీ సంఘం ముఖం కూడా చూడలేదు ఈ బిల్లు. 1867 నాటి చట్టాన్ని మార్చడానికి రెండు రోజులు!

డిసెంబర్ 22

పొద్దున చౌరస్తాలో ఇరానీ చాయ్. పేపరు అడిగితే సర్వర్ కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "మీరే పార్టీ సార్? ఏ పేపరియ్యాలె?" అన్నాడు. ముప్పై ఏళ్ళు డెస్కులో కూర్చున్నవాణ్ణి, సమాధానం తోచలేదు. ఏ పత్రిక, ఏ చానల్ ఎవరిదో వాడికి తెలుసు. ఎంపీలకు వాడికంటే బాగా తెలుసు.

చట్టానికి మాత్రం ఫారం-4 ఉంది. ఏటా ఫిబ్రవరి వెళ్ళాక వచ్చే మొదటి సంచికలో అచ్చవుతుంది: ప్రచురించే చోటు, ముద్రాపకుడు, సంపాదకుడు, యజమాని, మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ళు. నేనూ ఎన్నోసార్లు ప్రూఫు దిద్దాను, అక్షరదోషాల వరకే. వాటాదారు గడిలో ఇంకో కంపెనీ పేరుంటే, దాని వెనకున్నదెవరని ఎప్పుడూ అడగలేదు.

డిసెంబర్ 24, ఆదివారం

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొదటి ప్రెస్ కమిషన్ నివేదిక దొరికింది, 1954 నాటిది. అట్ట లేదు. బేరమాడకుండా కొన్నాను. సభ్యుల్లో మన తెలుగు పాత్రికేయులు ఎం. చలపతిరావు గారున్నారు. పత్రికల రిజిస్ట్రార్ అనే పదవి ఆ కమిషన్ చెప్పబట్టే 1956లో వచ్చింది. పెద్ద పత్రికలు చిన్నవాటిని మింగకుండా పేజీల్నిబట్టి ధర ఉండాలన్నదీ వాళ్ళే. ఆ చట్టమూ 1956లోనే వచ్చింది, 1961లో సకాల్ పత్రిక కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పేజీలు తగ్గించడమంటే భావప్రకటనకు కత్తెర వెయ్యడమేనంది. యాజమాన్యానికి హద్దు గీయబోతే గీత స్వేచ్ఛ మీద పడుతుంది. అంత తిరకాసు వ్యవహారం కాబట్టే సభలో రోజుల తరబడి నలగాల్సింది.

డిసెంబర్ 29

ఎంపీలను వారంరోజులుగా తిడుతున్నాను గానీ బిల్లు నేనూ ఇవాళే చదివాను. చిన్నదే, మధ్యాహ్నం కునుకు మానుకుంటే అయిపోతుంది. మెజిస్ట్రేట్ ముందు డిక్లరేషన్ తిప్పలు పోయి దరఖాస్తు ఆన్‌లైన్ అయింది. చిన్న పత్రికకు అది నిజంగా మేలే. జైలు శిక్షలు చాలావరకు తీసేశారు. ఒకే చేతికింద ఎన్ని పత్రికలు, ఎన్ని చానళ్ళు ఉండొచ్చన్న ఊసు మాత్రం ఎక్కడా లేదు.

సాయంత్రం లింగంపల్లి చౌరస్తా దాకా నడిచాను. పాత్రికేయుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో ఒక రాత్రి నరికింది ఈ చుట్టుపక్కలే. 'రయ్యత్‌' పత్రికను నిజాం సర్కారు మూయిస్తే 'ఇమ్రోజ్' పెట్టాడు, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. ఆ పత్రిక ఎవరిదని చంపినవాళ్ళు ఏ ఫారమూ చూడనక్కర్లేకపోయింది.

2024 మార్చి 1, శుక్రవారం

కొత్త చట్టం ఇవాళ్టినుంచి అమలు. సర్వర్ కుర్రాడికి చెబితే, "గట్లనా సార్" అని నీళ్ళ గ్లాసు పెట్టి పోయాడు.

రాజకీయ పార్టీలను, ప్రభుత్వాలను చానళ్ళ యాజమాన్యంలోకి రానివ్వొద్దని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టు 12న సిఫారసు చేసింది. ఈ ఆగస్టుకు పదేళ్ళు. ఆ సిఫారసు ఇంతవరకు బిల్లుగా మారి సభ గడప తొక్కలేదు.