బిడ్డకు చేరిన వైరస్ ఏది? ఎయిమ్స్‌లో ఒక పరిశీలన

ఢిల్లీలో ఎయిమ్స్ మెట్రో మెట్లెక్కి పైకి వస్తే ఒక పక్క 1956లో మొదలైన ఆ వైద్యసంస్థ, రోడ్డుకు అవతల సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. బిహార్ నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ వచ్చినవాళ్లు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని ఫుట్‌పాత్ మీదే కాచుకుని ఉంటారు. నేను ఇక్కడికి రావడానికి కారణం బయోకెమిస్ట్రీ విభాగంలో కల్పనా లూథ్రా బృందం ఏళ్లుగా చేసిన పని: తల్లి నుంచి హెచ్‌ఐవీ సోకిన పసిపిల్లల్లో వైరస్ ఏ రూపంలో ఉంది, వాళ్ల ఒళ్లు దాన్ని ఎలా ఎదుర్కొంటోంది అన్న ఆరా. గర్భిణికి మందులిస్తే సంక్రమణ చాలావరకు ఆగిపోతున్నప్పుడు ఇంకా ఈ పరిశోధన దేనికని చాలామంది అడుగుతారు. మందుల కార్యక్రమం దారి తప్పకుండా ఉండాలన్నా ఈ పరిశోధన కావాలని నేను నమ్ముతున్నాను.

పరీక్షా కేంద్రంలో అంతా అరచేతిలో ఇమిడే ఒక కార్డుతో మొదలవుతుంది. ఆరు వారాల బిడ్డ మడమ మీద సూదితో పొడిచి, కార్డు మీద అచ్చువేసిన అయిదు వలయాల్లో నెత్తురు చుక్కలు నింపుతారు. ఎర్రటి చుక్క ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా గాలికి ఆరనిచ్చి, తేమ పీల్చే చిన్న పొట్లాలతో కలిపి జిప్ కవర్లో పెట్టి ల్యాబుకు పంపుతారు. ఈ వయసులో యాంటీబాడీ పరీక్ష పనికిరాదు. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వచ్చి పద్దెనిమిది నెలల దాకా ఉండగలవు కనుక, వైరస్ సోకని బిడ్డ కూడా పాజిటివ్‌గా తేలవచ్చు. అందుకే నేరుగా వైరస్ జన్యుపదార్థం కోసమే వెతుకుతారు. అయితే ఆ పరీక్ష ఉందో లేదో చెబుతుంది గానీ, ఉన్నది ఎలాంటిదో చెప్పదు.

ఆ ఎలాంటిదన్నదే అసలు సంగతి. హెచ్‌ఐవీ జన్యుపటం సుమారు 9,700 అక్షరాలు. దాన్ని నకలు తీసే ఎంజైము తన తప్పులు తాను దిద్దుకోదు; చికిత్స లేని ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్ కణాలు పుడతాయని అంచనా. కాబట్టి తల్లిలో ఉండేది ఒకే వైరస్ కాదు, దగ్గరి పోలికలున్న పెద్ద గుంపు. గర్భంలోనో, కాన్పులోనో, పాల ద్వారానో అందులోంచి బిడ్డకు చేరేవి జల్లెడ పట్టినట్టు చాలాసార్లు ఒకటి రెండు రకాలే. ఈ ఎంపికను 1992లోనే గుర్తించారు. తల్లి యాంటీబాడీలకు లొంగని రకాలే బిడ్డకు దాటుతున్నాయని నైరోబీ నమూనాలపై 2006లో వచ్చిన అధ్యయనం చూపింది. అన్ని అధ్యయనాలూ ఆ మాటే చెప్పలేదు, నిజమే. అందుకే మన దేశంలో ఎక్కువగా ఉన్న సి ఉపరకాన్ని మనమే చూసుకోవాలి. అమెరికా, ఐరోపాల బి ఉపరకం మీద తేలినదాన్ని యథాతథంగా నమ్మి కూర్చోలేం.

ఈ పరిశోధనకయ్యే డబ్బు గర్భిణుల పరీక్షలకు పెడితే మేలు కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. పరీక్షలే ముందు, సందేహం లేదు. కానీ నెవిరపిన్ అనే మందు అనుభవం మరిచిపోకూడదు. నొప్పులప్పుడు తల్లికి ఒక మాత్ర, పుట్టాక బిడ్డకు ఒక మోతాదు ఇస్తే సంక్రమణ దాదాపు సగానికి తగ్గుతుందని 1999లో ఉగాండా ఫలితాలు చెప్పాయి. ఎన్నో పేద దేశాలు దాన్ని అందుకున్నాయి, మనమూ అందుకున్నాం. ఎందరో బిడ్డలు బతికారు. అయితే ఆ మందును తట్టుకోవడానికి వైరస్‌కు ఒక్క అక్షరం మారితే చాలు. పైగా మందు రక్తంలో రోజుల తరబడి సన్నగా మిగిలి ఉండి అలా మారిన రకాలకే దారి ఇచ్చింది. ఆ తల్లుల్లో తర్వాతి చికిత్స సరిగా పనిచేయడం లేదని 2004లో థాయ్‌లాండ్ పరిశోధకులు చెప్పారు. జన్యుమార్పులను చదివారు కాబట్టే అది బయటపడింది. మనదేశం కూడా బహుళ మందుల పద్ధతికి 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2014 నాటికి అంతటా మారింది.

ఎయిమ్స్ బృందం 2020లో ప్రచురించిన ఫలితం నన్ను మరింత ఆలోచింపజేసింది. సి ఉపరకం సోకిన 51 మంది శిశువులను పరిశీలిస్తే, రకరకాల హెచ్‌ఐవీలను అడ్డుకునే యాంటీబాడీలు కొందరిలో చాలా ముందే కనిపించాయి. పెద్దల్లో వాటికి రెండు మూడేళ్లు పడుతుంది. అత్యంత సమర్థంగా అడ్డుకున్న పిల్లల్లో ఒకటికి మించిన వైరస్ రకాలు సోకి ఉండటానికీ ఈ సామర్థ్యానికీ సంబంధం కనిపించింది. సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని తేల్చలేం. ఆ యాంటీబాడీలున్న బిడ్డకూ జీవితాంతం మందులు తప్పవు. అయినా అనేక రకాలను కలిపి చూపించే టీకా ఆలోచనకు ఇది గట్టి ఆధారం.

ఖర్చు మాటకు వస్తే, పాజిటివ్‌గా తేలిన శిశువుల వైరస్‌లో మందులను తట్టుకునే మార్పులున్నాయేమో చూడటానికి ఆ ఎండిన చుక్కలే సరిపోతాయి. నివారణ మెరుగుపడే కొద్దీ అలాంటి శిశువులు తగ్గుతారు, ఖర్చూ తగ్గుతుంది. ప్రతి పాజిటివ్ బిడ్డతో పాటు తల్లి వైరస్‌నూ జతగా చదవడం దేశమంతటా మామూలు పద్ధతి కావాలి.