నీలిమేడ వీలునామా

మలేషియాలోని పినాంగు రాష్ట్రానికి ముఖ్యపట్టణం జార్జి టౌన్. ఒకనాడు మద్రాసు, నాగపట్టణం రేవులలో ఓడలెక్కి మలయా తోటలకు తరలిన తెలుగు, తమిళ కూలీలలో ఎందరో తొలుత అడుగుపెట్టిన రేవు అదే. ఆ పట్టణంలో, లీత్ వీధిలో, ఒక చీనా వర్తకుని నీలిమేడ ఉన్నది.

వెల్ల వేసేటప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలపడం మన ఇళ్ళలోనూ పాత అలవాటే. ఇక్కడ గోడలే చిక్కని నీలంగా మారేటంతగా కలిపారు. ఆ నీలిమందు భారతదేశం నుండి దిగుమతి అయినదే. తెలుపు చీనీయులకు శోకచిహ్నం. పైగా సున్నపుపూత తేమను పీల్చి తిరిగి గాలికి విడుస్తుంది.

ఈ మేడ కట్టించిన చియోంగ్ ఫాట్ జీ 1840లో దక్షిణ చైనాలో పేదయింట జన్మించాడు. యౌవనారంభంలోనే నేటి జకార్తా అయిన బటేవియా చేరి, వర్తకంలో అపారధనం గడించి, పినాంగులో చీనా ప్రభుత్వ ప్రతినిధి కూడా అయ్యాడు. 19వ శతాబ్ది చివర వెలసిన ఆయన మేడలో 38 గదులు, 220 కిటికీలు, 7 మెట్లదారులు ఉన్నాయి. మన మండువా లోగిలి వలె ఆకాశానికి తెరచిన 5 ముంగిళ్ళలోకి వాననీరు దిగుతుంది. చీనీయుల విశ్వాసంలో నీరు సిరికి సంకేతం. పింగాణీ ముక్కలను అతికి తీర్చిన పూలు, పక్షులు ఒకవైపు. స్కాట్లండులో పోతపోసిన ఇనుప స్తంభాలు మరొకవైపు.

1916లో ఆయన మరణించాడు. చివరి కుమారుడు జీవించి ఉన్నంతవరకు మేడను అమ్మరాదని వీలునామాలో శాసించాడు. ఆ మాట 73 ఏళ్ళు నిలిచింది. మేడ పరుల పాలు కాలేదు; కాని దానిని బాగుచేయించే సొమ్ము వారసుల వద్ద మిగలలేదు. గదులు అద్దెకు పోయాయి. కట్టడం క్రమంగా శిథిలమైంది.

1989లో చివరి కుమారుడు కన్నుమూసిన పిమ్మట, వాస్తుశిల్పి లారెన్స్ లో, ఆయన మిత్రులు మేడను కొన్నారు. చైనా నుండి పనివారిని రప్పించి, పాత పద్ధతిలోనే సున్నం, నీలిమందు వేయించి పునరుద్ధరించారు. 2000లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. 2008లో జార్జి టౌన్ ప్రపంచ వారసత్వ పట్టికలో చేరింది. నేడా మేడ అతిథిగృహం. దాని బాడుగ సొమ్మే దాని మరమ్మతులకు ఆధారం.

పంపకాలు తేలక తాళం పడిన లోగిళ్ళు మన పల్లెలలోనూ ఎన్నో ఉన్నాయి. అమ్మకుండా ఉంచినంత మాత్రాన ఇల్లు నిలువదు; ఏటేటా సున్నం వేసే చేయి ఒకటి ఉండాలి.