మేస్త్రికి ఇల్లు కావాలి

మా ఇంట్లో ఉన్న కుక్క గురించి చాలామంది అడుగుతున్నారు. కొన్నారా, ఎంత పెట్టారు, ఏ జాతి అని. కొనలేదు, అసలు మాది కాదు. కాలు బాగయ్యేదాకా మా దగ్గర ఉంటున్నాడు. ఇక్కడ దీన్ని ఫాస్టర్ కేర్ అంటారు. మీలో ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్ దగ్గర మేము కడుతున్న ఇళ్ల వరసలో, ప్లాస్టర్ బోర్డుల చాటున పడుకుని కనబడింది. వెనక కాలు నేలకు ఆనట్లేదు. డొక్కలు లెక్కపెట్టొచ్చు. మన ఊళ్లో అయితే ఇంత ముద్ద పడేసి పనిలో పడతాం. అక్కడ కుక్క వీధిది. నాలుగిళ్లు తలా ఇంత పెడితే బతికేస్తుంది. ఇక్కడ వీధి కుక్క అనే మాటే లేదు. ఉంటే ఓనర్ ఉండాలి, లేకపోతే తప్పిపోయినట్టు లెక్క.

కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే రేంజర్ వచ్చి భుజాల మధ్య మిషన్ పెట్టి చూశాడు. చిప్ లేదు. విక్టోరియాలో ఇలా దొరికిన కుక్కని ఓనర్ వస్తాడేమోనని 8 రోజులు ఉంచుతారు. ఎవరూ రాలేదు. తర్వాత ఒక రెస్క్యూ గ్రూపు వాళ్లు తీసుకుని కాలికి ఆపరేషన్ చేయించారు. రెండు నెలలు గెంతకుండా చూసుకునే ఇల్లు కావాలన్నారు. మేము నలుగురం ఉంటాం, ఒకడిది నైట్ షిఫ్ట్, ఎప్పుడూ ఎవరో ఒకరం ఇంట్లో ఉంటాం. సరే అన్నాం. డాక్టర్ ఖర్చు, మందులు, తిండి వాళ్లవే. చోటు, టైము మావి.

అద్దె ఇంట్లో ఎలా అని అడుగుతారు. విక్టోరియాలో 2020 మార్చి 2 నుంచి రూలు మారింది. ఫారం నింపి ఓనర్‌కి ఇవ్వాలి. వద్దనుకుంటే ఆయన 14 రోజుల్లో వీక్యాట్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. వెళ్లకపోతే ఒప్పుకున్నట్టే. మా ఓనర్ రెండో రోజే సరే అన్నాడు.

తిండి దగ్గరే మాకు చదువు మొదలైంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కకి విషం. మన వంటలో అవి లేని కూర ఏది? ద్రాక్ష, కిస్‌మిస్ కూడా కూడదు. ఉడికిన ఎముక లోపల గుచ్చుకుంటుంది. మన ఊళ్లో కోడి ఎముకలు వేసేవాళ్లం కదా, ఇక్కడ అది బంద్. మసాలా వేయకముందే చికెన్ ముక్కలు నాలుగు తీసి పక్కన పెడుతున్నాం. ఎండిపోయిన కడుపుకి ఒకేసారి ఎక్కువ పెట్టకూడదని కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టాం.

మూడో వారానికి కాలు ఆనించాడు. పొద్దున్నే తాడు కట్టి పెరట్లోకి తీసుకెళ్తే ప్రతి మూలా ఆగి చూస్తాడు, పని సరిగ్గా అయ్యిందా లేదా అన్నట్టు. దాంతో మావాళ్లు మేస్త్రి అని పేరు పెట్టారు. పేరు పెట్టాక 'అది' పోయి 'వాడు' అయ్యాడు.

మాలో ఒకతనికి కుక్కంటే భయం. తప్పు పట్టలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని కుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసినవాడు ఎవడు మర్చిపోతాడు? అతను గది తలుపు వేసుకునే పడుకుంటాడు. మేస్త్రి మాత్రం ఆ తలుపు ముందే పడుకుంటాడు. ఈమధ్య అతను తలుపు సందులోంచి బిస్కెట్ జారవిడుస్తున్నాడు. అడిగితే, లేదంటాడు.

సైట్‌లోనే ఉంచేద్దాం, అందరం పెంచుదాం అన్నారు కొందరు. వాళ్లకి రెడ్ డాగ్ కథ చెప్పాం. 1970లలో పశ్చిమ ఆస్ట్రేలియా పిల్బారా గనుల దగ్గర ఉండేది. ఒక బస్సు డ్రైవర్ చేరదీశాడు. 1975లో ఆయన పోయాక దొరికిన బండి ఎక్కి ఊరూరా తిరిగింది. కార్మికులే తిండి పెట్టి చూసుకున్నారు. 2011లో సినిమా కూడా వచ్చింది. డాంపియర్‌లో దానికి విగ్రహం ఉంది. కానీ 1979లో అది విషం తిని చచ్చిపోయింది. అందరూ ప్రేమించారు, రాత్రయ్యేసరికి ఇంకా రాలేదేమని వెతికే ఇల్లు మాత్రం లేదు. మేస్త్రికి ఆ గతి పట్టకూడదు.

మరి మీరే ఉంచుకోవచ్చు కదా అంటారు. ప్రతి రాత్రీ మేము మాట్లాడుకునేది అదే. ఈ ప్రాజెక్ట్ అయ్యాక పని ఏ రాష్ట్రంలో దొరుకుతుందో తెలీదు. ఇద్దరి వీసాలు చేతిలో లేవు. కుక్క పది, పన్నెండేళ్లు బతుకుతుంది. మా కాగితాల మీద మాకే రెండేళ్ల భరోసా లేదు, వాడికి ఏం మాట ఇస్తాం? సంచీ సర్దుకుని వెళ్లిపోయేవాళ్లని వాడు ఒకసారి చూసే ఉంటాడు.

వాడికి టీకాలు, చిప్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అన్నీ అయిపోయాయి. వచ్చే నెల ఎక్స్‌రే బాగుంటే దత్తతకి పెడతారు. మీలో పీఆర్ వచ్చి, సొంతిల్లు కొనుక్కుని, పెరడు కంచె ఉన్నవాళ్లు ఉంటే రండి, వచ్చి చూడండి. పిల్లలు అడిగారని తీసుకోకండి, వాళ్లు చదువులకి వెళ్లిపోయాక కూడా ఉంచుకోగలం అనుకుంటేనే తీసుకోండి. మాలాగా అద్దెల్లో తిరిగేవాళ్లు రెండు నెలలు ఒక జీవాన్ని చూసుకోవచ్చు, రెస్క్యూ వాళ్లకి ఇళ్లు ఎప్పుడూ తక్కువే.

ఒక్కటే షరతు. వాడికి ఇప్పుడు తెలుగే వచ్చు. 'రా', 'కూర్చో', 'వద్దు'. తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా, తెల్లవాళ్లైనా సరే, ఆ మూడు మాటలూ నేర్పి పంపుతాం.