బాలింతను కూడ చూడండి



కాన్పు అయిందని కబురు రాగానే మనము అడిగే మొదటి మాట "బాబా, పాపా?" రెండవ మాట "బరువెంత?" తల్లి ఎట్లున్నదని అడిగేవారు కొద్దిమందే. ఈ విషయములో దేవుడు మా కుటుంబమునకు నేర్పినది మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాము.

మాది పల్లెటూరు. మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులోని హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగములు చేస్తారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతమంతా అద్దాల మేడలతో నిండిపోయింది. తొలి కాన్పు పుట్టింట జరగాలని మన ఆచారము. అయితే అమ్మాయిని మొదటినుండి అక్కడి డాక్టరమ్మే చూస్తున్నందున మేమే బయలుదేరి వెళ్లాము. ఆపరేషను చేసి ఆడబిడ్డను మా చేతికిచ్చారు. దేవునికి స్తోత్రము చెప్పాము.

ఇది మా ఇంటి మాట మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో ప్రతి 100 కాన్పులలో 60కి పైగా ఆపరేషనులే. అంటే బిడ్డను ఎత్తుకొన్న ఆ తల్లి కడుపు కోయించుకొన్న రోగి కూడ.

ఆ సాయంత్రము చూడవచ్చినవారందరు తొట్టె చుట్టూ చేరారు. నర్సమ్మ మాత్రము మాటిమాటికి వచ్చి అమ్మాయి నాడి, బి.పి. చూచేది, పొత్తికడుపు తడిమేది, రక్తము ఎంత పోతున్నదో గమనించేది. ఎందుకమ్మా అని అడిగితే ఇట్లు చెప్పింది: "బిడ్డ పుట్టిన తరువాత గర్భసంచి ముడుచుకొని గట్టిపడాలి. మెత్తగా ఉండిపోతే రక్తము ఆగదు. మొదటి రోజు చాల జాగ్రత్తగా చూడాలి."

ఆ రాత్రే అమ్మాయి, "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి" అన్నది. నర్సమ్మ చెయ్యి వేసి చూచి వెంటనే డాక్టరమ్మను పిలిపించింది. పొత్తికడుపు మర్దన చేశారు, ఇంజెక్షనులు ఇచ్చారు. మేము వరండాలో మోకరించి కన్నీటితో ప్రార్థించాము. రక్తము ఆగింది. ప్రభువు మా ప్రార్థన విన్నాడు. మెలకువగా ఉన్న ఆ నర్సమ్మ చేతులనే ఆయన వాడుకొన్నాడు.

మూడవ దినమున ఇంకొక శోధన. పాలు సరిగా పడలేదు, అమ్మాయి ఊరక ఏడ్చేది. చూడవచ్చినవారిలో ఒకరు డబ్బా పాలు పట్టమన్నారు. మరొకరు ఏదో సోకినదన్నారు. వేరొకరు విశ్వాసము చాలలేదన్నారు. నర్సమ్మ బిడ్డను రొమ్ముకు ఎట్లు పట్టించాలో ఓపికతో నేర్పింది. ఆపరేషను అయినవారికి పాలు కొంచెము ఆలస్యముగా పడవచ్చుననీ, ముర్రుపాలు పిండి పారవేయకూడదనీ చెప్పింది. కాన్పు తరువాత మొదటి దినములలో ఏడుపు రావడము చాలమందికి ఉంటుంది. రెండు వారములు దాటినను తగ్గకపోతే డాక్టరుకు చూపాలి. అది దయ్యము కాదు, పాపము కాదు. ప్రార్థనయు చేయాలి, వైద్యమును చేయించాలి.

ఎఫ్రాతా మార్గమున బెన్యామీనును కని ప్రాణము విడిచిన రాహేలును మనమెరుగుదుము. ప్రసవించిన స్త్రీకి దినములు లెక్కించి ప్రత్యేకపరచిన ధర్మశాస్త్రమును ఎరుగుదుము. మంత్రసానులైన షిఫ్రా, పూయాల పేర్లు గ్రంథములో నిలిచియున్నవి. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ మన స్త్రీల కొరకు శ్రమపడగా 1898లో అక్కడ ఆసుపత్రి తెరువబడింది. కాబట్టి బాలింత సేవ సంఘమునకు క్రొత్త కాదు.

పెద్ద ఆసుపత్రికి వెళ్లే స్థోమత అందరికి లేదు. ఆ అద్దాల మేడలు కట్టిన కూలి తల్లులకు కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరలో ఉన్నది; మనకు మన ఊరి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషనుకు 7 రోజులు ఉచిత భోజనము, ఇంటికి చేర్చుటకు ఉచిత వాహనము పొందు హక్కు తల్లికి ఉన్నది. మామూలు కాన్పయినను కనీసము 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇంటికి వచ్చిన తరువాత 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆశా కార్యకర్త వచ్చి తల్లిని, బిడ్డను చూడాలి. ఆమెను ఆదరముతో లోపలికి పిలవండి.

రక్తము ఎక్కువగా పోయినను, జ్వరము వచ్చినను, దుర్వాసన ఉన్నను, తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, ఫిట్స్, ఆయాసము, ఒక కాలు వాచి నొప్పి – వీటిలో ఏది కనబడినను పురుడు వెళ్లేవరకు ఆగకుండ వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

సంఘ పెద్దలారా, స్త్రీల సమాజపు సహోదరీలారా, బిడ్డ కొరకు ప్రార్థించునప్పుడు తల్లి పేరు కూడ ఎత్తి ప్రార్థించండి. గౌను, సబ్బు తీసుకొని వెళ్లేవారు ఒక పూట వేడి అన్నము, పప్పు కూడ తీసుకొని వెళ్లండి. మంచము దగ్గర కూర్చుండి, "అమ్మా, నిద్ర పట్టిందా? అన్నము తిన్నావా?" అని అడగండి. ఆమె చెప్పేది వినండి. గర్భఫలము ఇచ్చిన దేవుడు మన సంఘములలోని ప్రతి తల్లిని కాపాడును గాక. ఆమేన్.