మెడపూసల మధ్య పెట్టే ఎముక

మెడలో డిస్కు జారి నరాన్నో వెన్నుపామునో నొక్కుతున్నప్పుడు, మందులతోనూ ఫిజియోథెరపీతోనూ తగ్గనప్పుడు, సర్జన్ మెడ ముందు వైపు నుంచి వెళ్లి ఆ డిస్కును తీసేస్తారు. మిగిలిన ఖాళీలో ఏదో ఒకటి నిలబెట్టాలి. పై పూస, కింది పూస దానిలోకి పెరిగి ఒకే ఎముకగా అతుక్కోవాలి. 1950లలో సర్జన్లు స్మిత్, రాబిన్సన్ అమెరికా ప్రధాన భూభాగంలోనూ, క్లోవార్డ్ హవాయిలోనూ ఈ ఆపరేషన్‌కు రూపం ఇచ్చారు.

ఆపరేషన్ గదిలో అడుగు పెట్టగానే ఆ ఖాళీలో ఏది పెట్టబోతున్నారో తెలిసిపోతుంది. మెడతో పాటు తుంటి పక్కన కూడా మందు పూసి, శుభ్రమైన గుడ్డలు పరిచి ఉంటే, రోగి సొంత ఎముకే తీయబోతున్నారన్నమాట. తుంటి ఎముక పై అంచు నుంచి మూడు వైపులా గట్టి పొర ఉన్న చిన్న దిమ్మను కోసి తీస్తారు. అందులో జీవకణాలున్నాయి, కొత్త ఎముకను పుట్టించే ప్రోటీన్లున్నాయి, ఆ కొత్త ఎముక పాకడానికి ఆధారమూ ఉంది. ఈ మూడూ ఒకేచోట దొరికే పదార్థం మరొకటి లేదు. అందుకే మిగతావాటిని ఇప్పటికీ దీనితోనే పోల్చి చూస్తారు. కానీ దానికి మూల్యం తుంటి దగ్గర చెల్లించాలి. మెడ గాయం మానాక కూడా కొందరికి తుంటి నొప్పి నెలల తరబడి వదలదు. అక్కడి చర్మపు నరం దెబ్బతింటే తొడ బయటి వైపు తిమ్మిరెక్కుతుంది. ఈ సంగతి రోగికి ముందే చెప్పి తీరాలి.

రెండో దారి ఎముకల బ్యాంకు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో టిష్యూ బ్యాంకు 1988 నుంచి ఉంది. ఇలాంటి బ్యాంకులకు ఎముక మరణించిన దాతల నుంచి వస్తుంది. తుంటి కీలు మార్పిడిలో తీసేసిన తొడ ఎముక తలల నుంచి కూడా వస్తుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలయ్యాక మజ్జ, కొవ్వు పోయేలా కడుగుతారు. గడ్డకట్టించి తేమ లాగేస్తారు. ప్యాక్ చేశాక గామా కిరణాలతో క్రిమిరహితం చేస్తారు. సాధారణంగా వాడే మోతాదు 25 కిలోగ్రేలు. ఇదంతా దాటి వచ్చిన ముక్కలో జీవకణాలుండవు, అది ఆధారంగా మాత్రమే పనికొస్తుంది. అతుక్కోవడం ఆలస్యమైనా, ఒక్క డిస్కు చోట లోహపు ప్లేటు బిగిస్తే ఫలితాలు సొంత ఎముకకు దగ్గరగానే ఉంటాయి. మూడు నాలుగు చోట్ల చేయాల్సి వచ్చినా, రోగి పొగ తాగేవాడైనా ఆ భరోసా తగ్గుతుంది.

మూడో దారి కేజ్, అంటే మధ్యలో ఖాళీ ఉన్న చిన్న చట్రం. ఇప్పుడు చాలాచోట్ల పీక్ ప్లాస్టిక్‌తోనో టైటానియంతోనో చేసిన కేజ్‌ను పెడుతున్నారు. కేజ్ ఎత్తును నిలుపుతుందే తప్ప తానుగా అతుక్కోదు. దాని మధ్య ఖాళీలో ఎముక పొడి నింపాలి. డ్రిల్లుతో పూసల అంచులు చెక్కినప్పుడు రాలిన ముక్కలనే చాలామంది సర్జన్లు పోగుచేసి వాడతారు. తుంటి కోయకుండానే సొంత ఎముక అందుతుంది కనుక ఇది మంచి పద్ధతి. చాలనప్పుడు కాల్షియం ఫాస్ఫేట్ గుళికలు కలుపుతారు.

నాలుగోది బీఎంపీ, అంటే ఎముకను పుట్టించే ప్రోటీన్. ఎముకలోనే ఎముకను పుట్టించే గుణం ఉందని సర్జన్ మార్షల్ యూరిస్ట్ 1965లో చూపించారు. ఆ దారిలో తయారైన బీఎంపీ-2కు 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, అదీ నడుము పూసలకే. మెడలో వాడితే గొంతు వాచి శ్వాసమార్గం మూసుకుపోయే ప్రమాదం ఉందని అదే సంస్థ 2008లో హెచ్చరించింది. మెడ ముందు వైపు ఆపరేషన్‌లో దీన్ని మామూలుగా వాడకపోవడమే సబబు.

ఏది ఎంచుకున్నా పూసల ఉపరితలం సరిగా సిద్ధం కాకపోతే ఫలితం దక్కదు. మృదులాస్థి పొరంతా గీకి, రక్తం చెమర్చే ఎముకను బయటపెట్టాలి. మరీ లోతుగా చెక్కితే కేజ్ పూసలోకి దిగబడుతుంది. పెట్టిన ముక్క మీద ఒత్తిడి పడుతూ ఉండాలి, వదులుగా ఉంటే అతకదు.

తరువాతి నెలల్లో మెడ వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి ఎక్స్‌రేలు తీస్తారు. పూసల వెనక ముళ్ల మధ్య దూరం మారకపోతే అతికినట్టే. సందేహముంటే సీటీ స్కాన్ చూస్తారు. అతకకపోయినా నొప్పి గానీ బలహీనత గానీ లేనివారికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.