వైద్యురాలు బతకాలి

నేను గేముల్లో కొట్లాటలు కూరుస్తాను. ఏ శత్రువు ఎటునుంచి రావాలి, ఎవరి మీద పడాలి, ఎంత దెబ్బ తగలాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నవి నిర్ణయించడం నా ఉద్యోగం. మాదాపూర్‌లోని ఒక స్టూడియోలో, ఎక్కువగా విదేశీ కంపెనీల రోల్ ప్లేయింగ్ గేముల మీద పనిచేస్తుంటాను. ఒప్పందాల వల్ల వాటి పేర్లు చెప్పలేను. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, అన్నిటికన్నా నిద్ర చెడగొట్టే భాగం ఒక్కటే. కథకు అవసరమైన మనిషిని కొట్లాట మధ్యలో ప్రాణాలతో నిలబెట్టడం.

ఆటగాడి చేతిలో లేని పాత్రలన్నిటినీ మేం ఎన్‌పీసీలు అంటాం. కొట్టువాడు, కాపలా భటుడు, రాజు, దారి చూపే పిల్ల, అందరూ అందులోకే వస్తారు. వీళ్ళలో చాలామంది పోయినా కథ నడుస్తుంది. కొందరు పోతే మాత్రం అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు నేను చేస్తున్న గేములో అలాంటి మనిషి ఒక మూలికల వైద్యురాలు. వంతెన పక్కనున్న ఆమె ఊరి మీద ఒక రాత్రి దొంగలు పడతారు. ఆమె ఆ రాత్రి గట్టెక్కితేనే తర్వాతి అధ్యాయంలో విషానికి విరుగుడు దొరుకుతుంది. పొద్దున్నే కొత్త బిల్డ్‌ను, అంటే గేము తాజా రూపాన్ని, ఆడి చూసే టెస్టర్ కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చి మొదట చెప్పేది ఆమె సంగతే. "అక్కా, వైద్యురాలు మళ్ళీ పోయింది. ఈసారి దొంగలు ముట్టుకోనేలేదు. తనే బయటికొచ్చి మంటల్లోకి నడిచింది."

ఈ మాట బయటివాళ్ళకు చెబితే, ఆమెకు చావే లేకుండా చేస్తే గొడవ వదులుతుంది కదా అంటారు. చేయొచ్చు. ఎడిటర్‌లో ఒక గడిలో టిక్కు పెడితే చాలు. కానీ ఆ టిక్కుకు పాతికేళ్ళు దాటిన చరిత్ర ఉంది. మా టీములో కొత్తగా చేరినవాళ్ళకు ముందు ఆ చరిత్రే చెబుతాను.

1997 ఆగస్టులో అల్టిమా ఆన్‌లైన్ విడుదలకు ముందు పరీక్షలు జరుగుతున్నాయి. ఆ లోకానికి రాజు లార్డ్ బ్రిటిష్. ఆ పాత్రను నడుపుతున్నది గేము సృష్టికర్త రిచర్డ్ గారియట్టే. రాజు ఒంటికి ఏ దెబ్బా తగలకుండా ఒక ఏర్పాటు ఉంది. సర్వర్ ఆగి మళ్ళీ మొదలైనప్పుడు ఆ ఏర్పాటు తిరిగి అమల్లోకి రాలేదు. రెయిన్జ్ అనే మారుపేరుతో ఆడుతున్న ఒకతను మంటలు పరిచే మంత్రం వేశాడు, రాజు అందరి ముందూ కూలిపోయాడు. అక్కడ చనిపోయింది మనిషి నడిపే పాత్రే అయినా, మా వృత్తికి అది మొదటి పాఠం లాంటిది. రక్షణ అంతా ఒకే మీటలో ఉంటే ఆ మీట పనిచేయని రోజున ఇంకేమీ మిగలదు.

2002లో బెథెస్డా వాళ్ళ మారోవిండ్ వచ్చింది. అందులో ఎవర్నైనా చంపొచ్చు. ముఖ్యమైన మనిషి పోతే ప్రధాన కథకు దారి మూసుకుపోయిందని తెర మీద కబురొస్తుంది. పాత సేవ్‌కు వెళ్ళడమో, అలాగే తిరగడమో ఆటగాడి ఇష్టం. 2006లో ఆబ్లివియన్ నాటికి వాళ్ళ పద్ధతి మారింది. ముఖ్యులు దెబ్బలకు స్పృహ తప్పి పడిపోతారు, కాసేపటికి లేచి నిలబడతారు. 2011లో స్కైరిమ్‌లో వీళ్ళకు తోడు మధ్యరకం ఒకటి చేర్చారు. ఆ రకం వాళ్ళను శత్రువులు నేల మీద పడేయగలరు గానీ చివరి దెబ్బ ఆటగాడి చేతి నుంచే తగలాలి. తెలివైన ఏర్పాటు. నాకు నచ్చింది కూడా. అయినా పూర్తిగా చావులేని మనిషితో వచ్చే చిక్కు చిక్కే. ఆమె ఎలాగూ లేస్తుందని ఆటగాడికి ఒకసారి తెలిసిందంటే, ఇక అటు చూడడు. ఆమె అరుస్తుంటే అతను దొంగల జేబులు వెతుక్కుంటూ ఉంటాడు.

టిక్కు లేని మామూలు జనం సంగతి 2012లో బయటపడింది. స్కైరిమ్‌కు డాన్‌గార్డ్ అనే అదనపు భాగం వచ్చాక రాత్రిళ్ళు రక్తపిశాచులు ఊళ్ళ మీద పడటం మొదలైంది. కమ్మరులు, కొట్టువాళ్ళు చిన్న కత్తులు పట్టుకుని ఎదురు వెళ్ళి చచ్చిపోయేవారు. ఆటగాడు తిరిగొచ్చేసరికి సరుకు అమ్మే మనిషి ఉండడు. దీనికి అభిమానులు తయారు చేసిన మోడ్‌లలో నాకు ఎంతో గౌరవం ఉన్నది 'రన్ ఫర్ యువర్ లైవ్స్'. డ్రాగన్ వస్తే ఊరి జనం ఇళ్ళలోకి పారిపోతారు, అంతే. రక్తపిశాచుల దాడులకూ అలాంటిదే ఇంకొకటి వచ్చింది. అవి ఎవరికీ అమరత్వం ఇవ్వలేదు, భయం ఇచ్చాయి. బెథెస్డా ఎడిటర్‌లో ప్రతి పాత్రకూ ధైర్యం ఎంతో చెప్పే గడి ఉంటుంది, పిరికి దగ్గర్నుంచి తెగింపు దాకా అయిదు మెట్లు. ప్రాణం ఎంతుందో చెప్పే అంకె కన్నా ఈ మెట్టే ఎక్కువమందిని బతికిస్తుందని నా నమ్మకం.

మనవాళ్ళకు ఈ విషయం వివరించాలంటే సైంధవుడి కథ చెబితే చాలు. సూర్యాస్తమయం దాకా ఒక్కణ్ణి బతికించడానికి ద్రోణుడు వ్యూహం మీద వ్యూహం పన్నాడు, సైన్యం సైన్యమంతా అడ్డం నిలిచింది. అయినా అర్జునుడికి ఆ రోజు కావలసింది ఆ ఒక్క తలే. పొద్దుగూకిందని భ్రమపడి సైంధవుడు తలెత్తాడు, అయిపోయింది. చుట్టూ ఎన్ని గోడలు కట్టినా శత్రువు బుద్ధి ఒక్కరి మీదే ఉంటే గోడ ఎక్కడో ఓచోట ఒరుగుతుంది. కాపాడవలసిన మనిషే సమయం కాని సమయంలో బయటికి వస్తాడు. అందుకే నేను రక్షణను ముందు శత్రువు బుర్రలో పెడతాను, తర్వాత కాపాడవలసిన మనిషి బుర్రలో. ఒంటికి కవచం తొడిగేది ఆఖరున.

శత్రువు బుర్ర అంటే మాకు ఒక లెక్కల పట్టిక. ప్రతి దొంగా క్షణక్షణం ఎవరి మీద పడాలో తూచుకుంటాడు. ఎవరు దగ్గరున్నారు, ఎవరు కనబడుతున్నారు, ఇప్పుడే తనను కొట్టిందెవరు, ఇలా ఒక్కోదానికి ఒక్కో మార్కు. వైద్యురాలికి వచ్చే మార్కును మేం తగ్గిస్తాం. పూర్తిగా తీసేస్తే దొంగలు ఆమె పక్కనుంచి గాలిలా వెళ్ళిపోతారు, ఆటగాడికి మోసం తెలిసిపోతుంది. ఆ పైన వంతుల పద్ధతి ఉంది. ఒకేసారి దాడి చేయగలవాళ్ళ సంఖ్యకు హద్దు పెడతాం, వంతు రానివాళ్ళు చుట్టూ తిరుగుతూ బెదిరిస్తారు. 2012 నాటి కింగ్‌డమ్స్ ఆఫ్ అమలూర్: రెకనింగ్‌లో ప్రతి శత్రువుకూ ఒక బరువు కట్టి, ఆటగాడి చుట్టూ ఎంత బరువు చేరొచ్చో హద్దు పెట్టారు. ఆ పద్ధతి గురించి వాళ్ళే రాశారు, మా రంగంలో చాలామంది చదివారు. నేను వైద్యురాలి మీద దాడికి వంతు ఒక్కటే ఇచ్చాను. ఆ వంతు దొరికిన దొంగ వెంటనే కొట్టడు. ముందు అరుస్తాడు, గొడ్డలి ఎత్తి ఒక క్షణం ఆగుతాడు. ఆ అరుపు విని ఆటగాడు తల తిప్పాలి, అడ్డం పడటానికి అతనికి వ్యవధి ఉండాలి. ఆటగాడి చూపుకు అందనంత దూరంలో ఆమె ఉంటే దాడులు బాగా తగ్గుతాయి. కనబడని చావు ఎవరికీ ఏమీ నేర్పదు, కోపం మాత్రం తెప్పిస్తుంది.

వీటన్నిటికన్నా బలమైన ఉపాయం ఇంకొకటుంది. శత్రువుకు ఆమె చావు అక్కరలేకుండా చేయడం. 2001లో వచ్చిన ఈకోలో నీడ భూతాలు యోర్డాను చంపవు, గుంటలోకి ఈడ్చుకుపోతాయి. పూర్తిగా మునిగేలోపు చెయ్యి పట్టి పైకి లాగొచ్చు. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4లో శత్రువులు యాష్లీని భుజాన వేసుకుని ద్వారం వైపు పరిగెడతారు. ఇవి రోల్ ప్లేయింగ్ గేములు కాకపోయినా మాకు పాఠ్యపుస్తకాలే. ఎత్తుకుపోవడం వల్ల వచ్చే లాభం చూడండి. ఆటగాడికి సమయం దొరుకుతుంది, ఎటు పరిగెత్తాలో తెలుస్తుంది, శత్రువు తెలివి తక్కువవాడిలా కనబడడు. నా వంతెన ఊరి దొంగలకూ నేను అదే కారణం రాయించాను. వాళ్ళ నాయకుడికి జబ్బు, వాళ్ళకు వైద్యురాలు ప్రాణాలతో కావాలి. ఈ ఒక్క వాక్యం కథలో చేరాక నా పట్టికలో చాలా అంకెలు సులువయ్యాయి. అందుకే కథ రాసేవాళ్ళూ కొట్లాట కూర్చేవాళ్ళూ మొదటి రోజు నుంచే ఒక గదిలో కూర్చోవాలని పట్టుబడతాను.

ఎత్తుకుపోవడమే గురి అయినా కొట్లాట ఎంత కఠినంగా ఉండగలదో తెలియాలంటే 2023లో లారియన్ తెచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆడాలి. రెండో అంకంలో లాస్ట్ లైట్ అనే సత్రం ఉంది. చుట్టూ శాపం పట్టిన చీకటి. ఇసోబెల్ అనే పూజారిణి వెన్నెల కవచం వేసి ఆ చీకటిని ఆపుతుంటుంది. మార్కస్ అనేవాడు రెక్కల భూతాలతో ఆమెను తీసుకుపోవడానికి వస్తాడు. ఆమె కూలిందా, కవచం ఆరిపోతుంది. సత్రంలో అప్పటిదాకా మనతో కబుర్లాడినవాళ్ళు శాపం సోకి మన మీదే తిరగబడతారు. ఆటగాళ్ళను ఏడిపించింది ఏమిటంటే ఇసోబెల్ పిరికిది కాదు, తనే ముందుకు దూకుతుంది. శాంక్చువరీ మంత్రం వేస్తే శత్రువులు ఆమెను నేరుగా గురిపెట్టలేరు, కానీ చోటంతా కాల్చే మంటల నుంచి ఆ మంత్రం కాపాడదు. ఆమె ఎవరినైనా కొడితే మంత్రమే పోతుంది. ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. ఒక మనిషి చావుకు ఊరంత ఖరీదు కట్టారు, కాపాడే దారులు ఇచ్చారు, ఏ దారీ పూచీ ఇవ్వదు. నేనైతే ఆమె దూకుడు ఒక మెట్టు తగ్గించేదాన్ని.

మా వైద్యురాలు మంటల్లోకి నడవడం ఇదే జాతి సమస్య. దొంగలు గడ్డివాములు అంటిస్తారు. నడిచే దారిని వెతికే లెక్కలో మంటకు వేసిన ఖర్చు తక్కువగా ఉండటంతో ఆమెకు అదే దగ్గర దారిగా తోచింది. ఖర్చు పెంచాం, దాక్కునే చోట్లు గుర్తుపెట్టాం. ఆటగాడు వేసే మంటల మంత్రం మాత్రం ఇంకా పెద్ద గండమే. ఇలాంటి గేముల్లో ముఖ్యుల ప్రాణం తరచూ తీసేది సొంత పక్షం వాళ్ళ నిప్పే. గురిపెట్టేటప్పుడు ఆ వలయంలో ఆమె ఉంటే ఆమె చుట్టూ గీత ఎర్రబడేలా చేశాం. తెలిసి వేస్తే అది అతని నిర్ణయం.

ఆఖరున కవచం. ప్రాణం సున్నాకు చేరినా వైద్యురాలు వెంటనే చనిపోదు, ముందు కూలుతుంది. ఇది బల్ల మీద పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి వచ్చిన సంప్రదాయం. 2014 నాటి అయిదో కూర్పు నియమాల్లో సున్నాకు చేరిన వీరుడు తన వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల పాచిక వేస్తాడు. 10 లేదా అంతకన్నా ఎక్కువ మూడుసార్లు పడితే నిలదొక్కుకుంటాడు, తక్కువ మూడుసార్లు పడితే పోతాడు. మామూలు రాక్షసులు సున్నాతోనే చస్తారు గానీ ముఖ్యమైన పాత్రలకు ఈ అవకాశం ఆట నడిపేవాడు ఇవ్వొచ్చు. 2023లో రెసిడెంట్ ఈవిల్ 4ను కొత్తగా చేసినప్పుడు యాష్లీ ప్రాణపు గీతను తీసేసి, కూలితే లేపుకునే పద్ధతి పెట్టారు. ఆటగాడి కన్ను గీత మీదనుంచి మనిషి మీదకు మళ్ళింది.

ఇంత చేసినా ఆమె చనిపోయే వీలు ఉండాలని నేను వాదిస్తాను. ఈ విషయంలో 2010 నాటి ఫాలవుట్: న్యూ వెగాస్ నాకు గురువు. అబ్సిడియన్ వాళ్ళు పెద్దవాళ్ళందర్నీ దాదాపుగా చంపనిచ్చారు. అయినా కథ ఆగదు, ఎందుకంటే యెస్ మ్యాన్ అనే యంత్రం ఉంది. దాన్ని పగలగొడితే అది ఇంకో యంత్రంలోకి మారి తిరిగొస్తుంది. దాని అమరత్వానికీ కథలో కారణం ఉంది. 2017లో డివినిటీ: ఒరిజినల్ సిన్ 2లో చనిపోయినవాళ్ళ ఆత్మలతో మాట్లాడే శక్తి ఇచ్చారు, మనిషి పోయినా ఆ మనిషికి తెలిసిన సంగతి పోదు.

వైద్యురాలు పోతే ఏమవుతుందో మేమూ రాశాం. ఆమె దగ్గర పసరు నూరే పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్లకు సగం వైద్యమే వచ్చు. విరుగుడు చేస్తుంది గానీ అది సగమే పనిచేస్తుంది, తర్వాతి అధ్యాయంలో ఒక తోడు మనిషి కుంటుతూ నడుస్తాడు. దీనికి అదనంగా సంభాషణలు, గొంతులు, నడక యానిమేషన్ కావాలి. ఎక్కువమంది ఆటగాళ్ళు చూడని దారికి ఇంత ఖర్చెందుకని విదేశీ కంపెనీ వైపు నిర్మాత అడిగారు. చూసేవాళ్ళ కోసం అన్నాను. ఆమెను కాపాడినవాళ్ళకు కూడా, తాము తప్పించినది నిజమైన నష్టమేనని తెలిసేది ఆ దారి ఉన్నప్పుడేనని చెప్పాను. సంభాషణల్లో సగానికి ఒప్పుకున్నారు. కుంటి నడక మాట ఇంకా నడుస్తోంది. గురువారం మీటింగుకు ఆ నడక ఉన్నదీ లేనిదీ రెండు బిల్డ్‌లూ తీసుకెళ్ళి, ఆయన చేతే ఆడించబోతున్నాను.