నాగలూటి మెట్ల మీద

ఉగాది దగ్గరపడితే ఆత్మకూరు వీధుల్లో తెలుగు కంటే కన్నడమే ఎక్కువ వినబడుతుంది. కర్ణాటక నుంచి కాలినడకన శ్రీశైలం పోయే జనం. భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ అంటారు వాళ్లు. వాళ్ల వెనకే నేనూ వెంకటాపురం దాటి నల్లమలలోకి నడిచాను. నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని మెట్లెక్కడం మొదలు. రాతి పలకలు ఒక్కోటి ఒక్కో ఎత్తు. అంచులు పాదాల రాపిడికి నున్నగా అరిగి, మధ్యాహ్నానికి పెనాల్లా కాలాయి. చాలామంది అరికాళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్నారు.

ఈ మెట్లు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించినవని నడిచేవాళ్లు చెప్పుకుంటారు. 1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయాక తెలుగునేలకు రాజు లేడు. ముసునూరి కాపయ నాయకుడి వెంట 75 మంది నాయకులు ఉండేవారని కలువచేరు శాసనం. ఆ కూటమి ఎంతోకాలం నిలవలేదు. అద్దంకిలో నిలదొక్కుకున్న వేమారెడ్డికి కిరీటం తాతల నాటి ఆస్తి కాదు. అందుకే అగ్రహారాలిచ్చాడు, ఎర్రనను ఆదరించాడు, శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడు. జనం చేత రాజనిపించుకోవడానికి ఆయనకు కత్తి కంటే ఈ రాళ్లే ఎక్కువ పనికొచ్చాయని నా అనుమానం.

ఆయాసం తీర్చుకుంటుంటే హంగరీ గుర్తొచ్చింది. అక్కడా ఒకడు ఇట్లాగే కొత్తగా రాజనిపించుకోవాల్సి వచ్చింది. గుర్రాల మీద యూరప్‌ను కొల్లగొట్టిన మజ్యార్ తెగలు ఏడు. 955లో లెహ్‌ఫెల్డ్ దగ్గర జర్మన్ల చేతిలో చావుదెబ్బ తిన్నాయి. అర్పాద్ వంశపు ఇష్ట్వాన్ క్రైస్తవ రాజుగా కిరీటం పెట్టుకున్నది 1000 చివర్లోనో 1001 మొదట్లోనో. ఆయన కూడా జెరూసలేం యాత్రికులకు తన దేశం గుండా దారి తెరిచాడు. పాత ఆచారం ప్రకారం గద్దె నాదేనన్న బంధువు కొప్పాని శవాన్ని మాత్రం నాలుగు ముక్కలు చేయించాడు.

పెద్దచెరువు దగ్గర ఒక చెంచు పెద్దాయన పక్కన కూర్చున్నాను. "మల్లయ్య మా అల్లుడు సార్. అల్లుని చూసేదానికి క్యూలో నిలబడాల్నంట!" అని నవ్వినాడు. ఏ రాజు ఏ మెట్టు కట్టించినా ఆ చుట్టరికం జోలికి పోలేదు.

భీముని కొలను లోయ దిగడం, కైలాసద్వారం ఎక్కడం ఎట్లుంటుందో నా మోకాళ్లనడగాలి.

శ్రీశైలంలో వీరశిరోమండపం చూశాను. వేమారెడ్డి కొడుకు అనవేమారెడ్డి 1377లో కట్టించింది. కొంగవీరులనే భక్తులు తలలూ నాలుకలూ కోసుకుని మల్లన్నకు అర్పించేవారని శాసనం. ఇష్ట్వాన్ అయితే చట్టం పెట్టి మాన్పించేవాడేమో. అనవేముడు రాతిస్తంభాలు నిలిపి చోటిచ్చాడు.